ఒక పెట్టెలో ఒక్కరే

సరిహద్దుకి రెండు మైళ్ళ ఇవతల, ఇంకా బ్రిటిష్ వాళ్ళ కిందే ఉన్న ఆ ఐరిష్ ఊళ్ళో ఎవరు పోయినా హాన్రట్టిల శవపేటికల కొట్టుకి రావలసిందే. ఆ ఇంట పుట్టిన పిల్లలకి మాటలు రాకముందే శవానికి దవడ కట్టడం వస్తుందని ఊరు వెక్కిరించేది. అందులో అబద్ధమేం లేదు. డింప్నా హాన్రట్టి తన ఎనిమిదో ఏట మొదటి శవానికి తల దువ్వింది. ఈ కథ జరిగేనాటికి ఆమెకి యాభై మూడు. పెళ్ళి కాలేదు. ఈ చేతులు పట్టుకునే ధైర్యం ఏ మగాడికీ లేకపోయిందని ఆమే నవ్వుతూ చెప్పేది.

కొట్టు పెట్టింది తాత ఫెలిమ్. ఆనాటి స్వాతంత్ర్య పోరాటంలో ఆయన శవాల కింద తుపాకులు పేర్చి, బ్రిటిష్ సైనికుల కళ్ళ ముందు నుంచే పట్టుకుపోయేవాడు. వాళ్ళు టోపీలు తీసి మరీ దారిచ్చేవాళ్ళు. ఆ కథ చెప్పుకుంటూ ముసలాయన బతికినన్నాళ్ళూ ఊరివాళ్ళ ఖర్చుతో విస్కీ తాగాడు.

ఆయన కొడుకు యూజీన్, అంటే డింప్నా తండ్రి, ఎవరికీ చెప్పుకోలేని కథ ఒకటుంది. పంతొమ్మిది వందల యాభై ఏడులో, పొట్టలో తూటా దిగిన ఒక తిరుగుబాటు కుర్రాణ్ణి శవం కింద దాచి సరిహద్దు దాటించబోయాడు. కాపలావాళ్ళు బండిని రెండు గంటలు నిలబెట్టేశారు. అవతల మూత తీసేసరికి కుర్రాడు ఊపిరాడక చచ్చి ఉన్నాడు. పక్కచెక్క నిండా గీతలు, గీతల్లో విరిగిన గోళ్ళు. ఆ చెక్కని యూజీన్ పారేయలేదు. పని చేసుకునే షెడ్డులో గోడకి కొట్టించాడు. డింప్నానీ, ఆమె తమ్ముడు మలాకీనీ దాని ముందు నిలబెట్టి, "ఒక పెట్టెలో ఒక్కరే. ఎవడొచ్చి అడిగినా సరే," అని ఒట్టు వేయించుకున్నాడు.

ఆ ఒట్టు పంతొమ్మిదేళ్ళు నిలిచింది. డెబ్భై ఆరు అక్టోబరులో సేడీ క్విగ్లీ అనే తొంభయ్యేళ్ళ ముసలమ్మ పోయింది. నా అన్నవాళ్ళు లేని మనిషి కాబట్టి హాన్రట్టిల ముందుగదిలోనే పెట్టె ఉంచారు. మర్నాడు పదింటికి సమాధి. ఆ మధ్యాహ్నం వెనకవాకిట్లోకి రొట్టెల వ్యాను ఒకటి వచ్చి ఆగింది. ఫెర్గల్ టోనర్ దిగాడు, వెంట ఇద్దరు మనుషులు. సైనికులతో చాటుగా పోరాడే దళానికి నాయకుడు; ఆ చుట్టుపక్కల ఎవడు బతకాలో, ఎవడు చావాలో తేల్చే పెద్దమనిషి అతనే. ముప్ఫయ్యేళ్ళు కూడా లేవు. వ్యానులోంచి టార్పాలిన్ మూట ఒకటి లాగి షెడ్డులో పడేయించాడు.

"ఏమ్మా డింప్నా, టీ ఏమన్నా ఉందా?"

"నీ మొహానికి టీ ఒకటా? ఏంటది?"

"సేడీ అవ్వకి తోడు. అడుగున పడుకోబెట్టు. రోడ్డు మీద సైనికులు ప్రతి బండీ విప్పి చూస్తున్నారు. శవపేటిక జోలికి మాత్రం రారు. మీ తాత చేసిందేగా!"

"మీ నాయనమ్మకి కూడా నేనే స్నానం చేయించానురా. ఆవిడ కింద ఇలాగే ఎవణ్ణో తొయ్యమంటే ఊరుకునేవాడివా? నేను చెయ్యను. తీసుకుపో."

టోనర్ వాదించలేదు. డింప్నా తమ్ముడు మలాకీ అక్కడే చిత్రిక పడుతున్నాడు. ఆ కొట్టులో పెట్టెలన్నీ అతని చేతివే. ఇద్దరు మనుషులూ అతణ్ణి ఒడిసిపట్టి, కుడిచేతిని బల్లకున్న వైసులో, చెక్క బిగించే ఇనప దవడల మధ్య పెట్టారు. టోనర్ పిడి తిప్పాడు. ఒక్కొక్క ఎముకా విరగడం విడివిడిగా వినిపించింది. మలాకీ ఒక్కసారి గావుకేక పెట్టి, తర్వాత పెదవి కొరుక్కున్నాడు. గడ్డం మీదికి రక్తం కారింది.

"ఒప్పుకోకక్కా," అన్నాడు.

టోనర్ ఇంకో చుట్టు తిప్పాడు. గోళ్ళ కింద నుంచి రక్తం చిమ్మి చెక్కపొట్టు మీద పడింది. డింప్నా ఒప్పుకుంది.

"రేపు వీడు నా మనిషి దగ్గరుంటాడు. పూడ్చడమయ్యాక నేను కబురు పంపితే వదిలేస్తాడు. ఈలోగా నువ్వు నోరు విప్పావా, వీడికీ పెట్టె కొలత తీసుకో. మోసేది నా వాళ్ళు ఆరుగురే."

టార్పాలిన్ విప్పితే డెర్మట్ కర్లీ. ఇరవై రెండేళ్ళవాడు. పశువుల బేరగాడు బార్నీ కర్లీ పదకొండు రోజులుగా ఫొటో పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడుగుతున్నది ఈ కొడుకు గురించే. సైనికులకి మాటలు చేరవేశాడని టోనర్ అనుమానం. మణికట్టుల్లోకి తీగ దిగిపోయింది. ఛాతీ నిండా సిగరెట్ కాల్పులు. చెవి వెనక తూటా రంధ్రం. డింప్నా తీగ కత్తిరించి, నీళ్ళు కాచుకొచ్చింది.

"అడుగున పడేవాడికి సింగారం దేనికి?" అన్నాడు టోనర్.

"స్నానం లేకుండా మా గడప ఎవరూ దాటలేదు. అడ్డం లే."

వేళ్ళ సందులు కూడా వదలకుండా కడిగింది. లోపల మాత్రం కత్తి పట్టుకుని లేచి టోనర్ గొంతు కోసేయాలన్నంత కసి రగిలింది.

మర్నాడు వాన. శ్మశానానికి మైలు దూరం, భుజాల మీదే మోయాలి. నూరడుగులకోసారి ఆరుగురూ మారతారు. ముందు నడిచే హాన్రట్టి ఎవరైతే వాళ్ళు, ఒడ్డూ పొడుగూ చూసి పేర్లు పిలుస్తారు. భుజం ఇస్తానని వచ్చినవాణ్ణి ఆ ఊళ్ళో ఇంతవరకు ఎవరూ కాదనలేదు. ఇంత తెలివైన టోనర్ ఆ సంగతే మరిచాడు.

మోసేవాళ్ళు మొదటిసారి మారాల్సిన నాలుగు రోడ్ల కూడలిలో, కాపలా సైనికుల ఎదురుగా, బార్నీ కర్లీ టోపీ తీసి ముందుకొచ్చాడు. తప్పుకోమని మోస్తున్న టోనర్ మనిషి భుజం తట్టాడు. వాడు కదల్లేదు. ఊరంతా చూస్తోంది. సైనికులూ చూస్తున్నారు.

డింప్నా ఆగి వెనక్కి తిరిగింది. బార్నీ ఎద్దుని ఒక్కసారి చూసి బరువు చెప్పగలడు. భుజం పెట్టాడంటే తెలిసిపోతుంది. పెట్టనివ్వకపోతే ఇక చచ్చేదాకా ఆ ఫొటో పట్టుకుని తిరుగుతూనే ఉంటాడు. అవతల మలాకీ తలకి తుపాకీ. ఆమె ఆరు పేర్లు పిలిచింది. ఆరూ ఊరివాళ్ళవే.

"బార్నీ కర్లీ, ముందు కుడిభుజం."

అందరూ చూస్తుండగా టోనర్ మనుషులు తప్పుకోక తప్పలేదు. వెనక జనం గట్టిగా జపమాల చెబుతున్నారు, టోనర్ వాళ్ళ మధ్య ఇరుక్కుపోయాడు. పది అడుగులు పడ్డాయో లేదో, బార్నీ గొంతు వినిపించింది.

"సేడీ నలభై కిలోలు కూడా ఉండదు డింప్నా. ఇందులో ఇంకో మనిషి ఉన్నాడు."

ఆమె తల తిప్పలేదు. "ఉన్నాడు."

"మావాడేనా?"

"మీవాడే. స్నానం చేయించాను, తల దువ్వాను. మలాకీ వాళ్ళ చేతుల్లో ఉన్నాడు బార్నీ. వాడు తిరిగొచ్చి శ్మశానం గేట్లో కనబడేదాకా నోరెత్తకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

మిగతా అయిదుగురికీ ఆ మాటలు వినబడ్డాయి. ఒక్కడూ తడబడలేదు. తర్వాత ఎవరు వచ్చి తట్టినా బార్నీ భుజం వదల్లేదు. మిగతా మైలంతా ఏడుస్తూ మోశాడు. వానలో ఎవరూ గమనించలేదు.

పెట్టె దించారు, గొయ్యి పూడ్చారు. టోనర్ సైగ చేస్తే ఒక మనిషి సైకిలెక్కి ఊళ్ళోకి వెళ్ళాడు. జనం కదులుతున్నా బార్నీ గొయ్యి పక్కనే నిలబడ్డాడు. టోనర్ వచ్చి చెయ్యి చాపాడు.

"మీవాడి కబురేమన్నా తెలిసిందా బార్నీ?"

"వెతుకుతున్నా," అన్నాడు బార్నీ, ఆ చేతిని పట్టుకుని ఊపుతూ.

ఇంకో ఇరవై నిమిషాలు గడిచాయి. బార్నీ కదలకపోయేసరికి టోనర్, అతని మనుషులు, పెట్టె మోసినవాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. గేటు దగ్గర మలాకీ కనిపించాడు. కుడిచేతికి చుట్టిన ఏప్రను ఎర్రగా తడిసి ఉంది.

బార్నీ గొయ్యి తవ్వేవాడి చేతిలోంచి పార లాక్కుని అంచుతో టోనర్ దవడ మీద కొట్టాడు. దవడ పక్కకి వేలాడింది, పళ్ళు బురదలో పడ్డాయి. రెండో దెబ్బకి మోకాలు చితికింది. టోనర్ మనుషులు కోట్లలోకి చేతులు పెట్టారు. పెట్టె మోసిన అయిదుగురూ వాళ్ళ మీద పడి, ముఖాలు మట్టిలో అదిమి తుపాకులు లాక్కున్నారు. రోడ్డు మీది కాపలా సైనికులు పరుగెత్తుకొస్తున్నారు. బార్నీ అటు చూడలేదు. తడిమట్టిలోకి పార దించాడు.

"పూడ్చిన గొయ్యి తవ్వుతారా? ఇదేం పాపం!" అని ఫాదర్ అరిచాడు.

"ఒక పెట్టెలో ఒక్కరే ఫాదర్," అంది డింప్నా. "ఇందులో ఇద్దరున్నారు."

రెండో పార ఆమె అందుకుంది. మలాకీ వచ్చి మోకాళ్ళ మీద కూలబడి, ఎడంచేత్తో మట్టి లాగడం మొదలుపెట్టాడు.