వెనక తలుపు దాటని నీడ

జంతువుల క్లినిక్‌లో పొద్దుటి పని రోజూ ఒకేలా మొదలవుతుంది. కాంపౌండర్ అందరికంటే ముందు వచ్చి నేల తుడుస్తాడు, బల్లని స్పిరిట్‌తో తుడుస్తాడు, కత్తెరలూ చాకులూ మరగబెట్టే గిన్నెకి స్విచ్ వేస్తాడు, వెనక తలుపు బార్లా తీసి దానికి ఇటుక అడ్డం పెడతాడు. ఆ తర్వాతే అతనికి టీ. డాక్టరమ్మ వచ్చేసరికి ముందు గది బెంచీలన్నీ నిండి ఉంటాయి. ఒళ్ళో బుట్టలు, బుట్టల్లో పిల్లులు, పిల్లుల నోట తిట్లు. వాటి భాష రానివాళ్ళకి కూడా అవి ఎవర్ని తిడుతున్నాయో ఇట్టే తెలిసిపోతుంది.

వచ్చేవాళ్ళలో సగం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికే వస్తారు. "ఇక మా వల్ల కాదు డాక్టరమ్మా, పిల్లల్ని పంచిపెడదామంటే చుట్టాలు కూడా తలుపులు వేసుకుంటున్నారు" అంటారు. మగకుక్కని తెచ్చిన పెద్దమనుషులు మాత్రం ఆపరేషన్ తమకే అన్నట్టు మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుంటారు. డాక్టరమ్మ అందరికీ చెప్పేది ఒకటే. ముందు రోజు రాత్రి నుంచి తిండి పెట్టకూడదు. ఇంటికెళ్ళాక కుట్లు నాక్కోకుండా మెడకి గరాటాలాంటి అట్ట కట్టాలి. గెంతనివ్వకూడదు.

వెనక తలుపు సంగతి మాత్రం ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆడ జంతువుకి ఆపరేషన్ అయ్యాక, మత్తు దిగేలోపల, అది ఇక కనబోని పిల్లల నీడలు బల్ల మీంచి దిగుతాయి. పిల్లివైతే గుప్పెడంత ఉంటాయి, కుక్కవైతే ఇంకాస్త పెద్దవి. ఒకదాని వెనక ఒకటి నేల మీద పాకుతూ వెనక తలుపు దాటి పెరట్లో ఎండలోకి పోయి అక్కడే కరిగిపోతాయి. అవి పోయేదాకా ఆ గడపలో ఎవరూ నిలబడకూడదు. ఎందుకని ఎవరూ అడగరు, కాలే పెనం మీద చెయ్యి ఎందుకు పెట్టకూడదని అడగనట్టే. కాంపౌండర్ ఉద్యోగంలో సగం ఆ తలుపు పక్కన నిలబడి మనుషుల్ని ఆపడమే. అతను దాన్ని ట్రాఫిక్ డ్యూటీ అంటాడు.

ఆ ఏడు డాక్టరమ్మ కడుపుతో ఉంది. అంతకు ముందు ఎన్నిసార్లు వచ్చినా నిలవలేదు. ఈసారి నిలవకపోతే మళ్ళీ ఆశ పెట్టుకునే ఓపిక తనకి లేదని ఆమెకి తెలుసు, ఇంట్లో వాళ్ళకీ తెలుసు. ఆమె భర్త కారు డ్రైవింగ్ నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళు సూటిగా గోడ మీదికి పోనిచ్చినా తొణక్కుండా బ్రేక్ నొక్కే మనిషి, భార్య మెట్లు దిగుతుంటే మాత్రం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూసేవాడు.

"సెలవు పెట్టమ్మా. ఆ నీడల మధ్య నీకెందుకు?" అంది అత్తగారు.

"నేనెప్పుడూ బల్ల దగ్గరే ఉంటాను అత్తయ్యా. తలుపు దగ్గర కాంపౌండర్ ఉన్నాడుగా."

"అతను రాని రోజు?"

"రాని రోజు ఆపరేషన్లు పెట్టుకోను. సరేనా?"

కాంపౌండర్‌కి పన్ను నొప్పి వచ్చి దవడ వాచి రాని రోజున ఆమె నిజంగానే అందర్నీ వెనక్కి పంపేసింది. ఒక్క కర్టెన్లావిడ మాత్రం కదల్లేదు. వీధి చివర కొట్లో కర్టెన్లు కుడుతుంది కాబట్టి ఆవిణ్ణి అందరూ అలాగే పిలుస్తారు. కొన్నాళ్ళ కిందట ఒక చెవి చిరిగిన బూడిదరంగు పిల్లి ఎక్కడినుంచో వచ్చి ఆవిడ గుడ్డల మూట మీద పడుకుని, ఇక అదే నా ఇల్లన్నట్టు ఉండిపోయింది.

"రాత్రి నుంచి పస్తు పెట్టానమ్మా. అది నన్ను చూస్తున్న చూపు మీరు చూస్తే మీకూ ముద్ద దిగదు. మళ్ళీ ఇంకో రోజు దీన్ని మాడ్చడం నా వల్ల కాదు."

"దీని వయసెంత?"

"ఏమోనమ్మా. నా దగ్గరికొచ్చేసరికే పెద్దది."

మామూలుగా అయితే డాక్టరమ్మ పెదవి ఎత్తి పళ్ళు చూసి తనే వయసు చెప్పేస్తుంది. ఆవేళ తొందరగా ముగించాలన్న ధ్యాసలో అది మర్చిపోయింది. ఒక్క ఆపరేషనే కదా, అయ్యాక నేనే తలుపుకి దూరంగా ఉంటే సరిపోతుంది అనుకుంది. కర్టెన్లావిణ్ణి పెరట్లో చెట్టు కింద కూర్చోమని చెప్పి పని మొదలుపెట్టింది.

ఆపరేషన్ చక్కగా అయింది. కుట్లు వేసి గ్లవుజులు తీసి ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. నీడలు దిగాయి, వరసగా పోయాయి. అన్నీ పోయాయనే అనుకుంది.

"అయిపోయిందా డాక్టరమ్మా?" పెరట్లోంచి కర్టెన్లావిడ అడిగింది.

"అయిపోయిందండీ."

ఫ్యాను మోతలో ఆవిడకి వినిపించలేదు. "ఏంటమ్మా? ఏమైనా అయిందా?" గొంతులో కంగారు వినిపించి డాక్టరమ్మ నాలుగడుగులు వేసి గడపలోకి వచ్చింది. "ఏం కాలేదండీ, బాగానే ఉంది" అంది.

అప్పుడు ఆమె పాదాలకి చల్లగా తగిలింది. వెనక్కి తిరిగి చూస్తే బల్ల కాలు చాటున ఆగిపోయిన ఒక నీడ, అన్నిటికంటే చిన్నది, ఇప్పుడొస్తోంది. ఆమె నీడ పెద్ద పొట్టతో గడప మీద అడ్డంగా పడి ఉంది. చిన్నది దాని అంచు దాకా వచ్చి ఆగి, వాసన చూసినట్టు తల ఆడించి, ఆ పొట్టలోకి దూరిపోయింది.

"పక్కకి జరగండమ్మా" అంది కర్టెన్లావిడ మెల్లిగా.

జరిగింది. ఇద్దరూ చాలాసేపు నేల వంకే చూశారు. బయటికి ఏమీ రాలేదు. బల్ల మీద పిల్లి మత్తులోనే కళ్ళు తెరుచుకుని ఉంది. మత్తులో పిల్లులు కళ్ళు మూయవని డాక్టరమ్మకి తెలుసు. కానీ ఆ కళ్ళు తన పొట్ట మీద ఉన్నాయి. ఆమెకి భయమేసింది.

ఇంట్లో చెప్పలేదు. చెబితే అత్తగారు ఏమంటుందో తెలుసు. అంతకంటే, ఏమీ అనకుండా మొహం చాటేస్తుందేమోనన్న దిగులు ఎక్కువ.

కొన్ని వారాలకి కడుపులో కదలిక ఆగిపోయింది. స్కానింగ్ గదిలో డాక్టరు పరికరాన్ని పొట్ట మీద అటూ ఇటూ జరిపి, మాట్లాడటం మానేశాడు. డాక్టరమ్మ కూడా డాక్టరే. అలా మాటలు ఆపేయడం ఆమె కూడా ఎందరి ముందో చేసింది.

"గుండె చప్పుడు దొరకడం లేదు. రేపు ఇంకోసారి చూసి, అప్పుడు చేయాల్సింది చేద్దాం" అన్నాడు.

ఆ సాయంత్రం భర్త కారు ఇంటి ముందు ఆపి ఎంతసేపటికీ దిగలేదు. ఆమె సోఫాలో పడుకుని, ఎదుటి గోడ మీద పడ్డ తన నీడనే చూస్తూ ఉండిపోయింది. నీడ పొట్టలో ఏదో ముడుచుకుని, చుట్టూ తిరిగి, పడుకునే చోటు సర్దుకుంటున్నట్టు కదిలింది. ఆమె పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఎంత తప్పో తెలిసి కూడా, "ఉండు" అంది పైకే.

మర్నాడు గుండె చప్పుడు దొరికింది. వేగంగా, చాలా వేగంగా. "నిన్న మిషన్‌ది తప్పయి ఉంటుంది" అన్నాడు స్కానింగ్ డాక్టరు, సిగ్గుపడుతూ. భర్త అక్కడే కూలబడి ఏడ్చేశాడు.

ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, నల్లటి జుట్టుతో, ఏ లోపమూ లేకుండా. పిల్లల డాక్టరు గుండె కాస్త జోరుగా కొట్టుకుంటోందని, పెరిగేకొద్దీ అదే సర్దుకుంటుందని చెప్పి పంపేశాడు. ఇంటికి వచ్చాక డాక్టరమ్మ తన స్టెతస్కోపు తీసి కూతురి గుండె మీద పెట్టింది. ఆ చప్పుడు ఆమెకి కొత్తది కాదు. రోజూ బల్ల మీద వింటుంది.

చెవి చిరిగిన పిల్లి మర్నాడే వచ్చింది. కిటికీ దగ్గర కూర్చుని ఉయ్యాల వంక చూస్తూ ఉండేది. ఇంట్లో ఎవరు అదిలించినా కదిలేది కాదు. అది ఉన్నంతసేపూ పాప ఏడ్చేది కాదు. అత్తగారు రెండు మూడు రోజులు చూసి, ఒక గిన్నెలో పాలు పోసి కిటికీలో పెట్టింది. కోడల్ని ఏమీ అడగలేదు.

వారం తిరక్కుండా కర్టెన్లావిడ వెతుక్కుంటూ వచ్చింది. "ఇక్కడ మకాం పెట్టావా? కొత్త కర్టెన్లన్నీ నీ కోసం పరిచి ఉంచాను కదే" అని దాన్ని చంకలో ఇరికించుకుంది. పిల్లి గింజుకుంది, అరిచింది. డాక్టరమ్మ నవ్వుతూ గుమ్మం దాకా సాగనంపి వచ్చి, ఎందుకో స్టెతస్కోపు అందుకుంది.

కర్టెన్లావిడ గేటు దాటేసరికి చప్పుడు నెమ్మదించింది. వీధి మలుపు దగ్గరికి వెళ్ళేసరికి మధ్య మధ్య ఆగుతోంది. పాప ఏడవడం లేదు. కళ్ళు తెరిచి కిటికీ వైపే చూస్తోంది, పెదవులు నీలంగా మారుతున్నాయి.

డాక్టరమ్మ పాపని ఎత్తుకుని చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తింది. "ఆగండి! ఏమండీ, ఆగండి!"

కర్టెన్లావిడ వెనక్కి తిరిగింది. పిల్లి ఆవిడ చంకలోంచి దూకి వచ్చి డాక్టరమ్మ పాదాలని చుట్టుకుంది. పాప పెదవులకి రంగు వచ్చింది, ఏడుపు అందుకుంది. ఎండలో పాప నీడా పిల్లి నీడా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. కర్టెన్లావిడ ఆ నీడని చూసి కొంగుతో మొహం తుడుచుకుంది.

"దీన్ని నాకిచ్చెయ్యండి" అంది డాక్టరమ్మ. "మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అంత మాటెందుకమ్మా. ఆవేళే అనుకున్నాను నేను." ఆవిడ వంగి పిల్లి తల నిమిరింది. "దాని బిడ్డ దగ్గర అది ఉంటుంది. మంచి తిండి పెట్టండి. చలికి కాస్త కాళ్ళు పట్టేస్తాయి దానికి, వెచ్చగా పడుకోబెట్టండి. ఇదివరకటిలా గెంతలేకపోతోంది."

ఇంటికి వచ్చాక పిల్లి నేరుగా ఉయ్యాల ఎక్కి పాప పక్కన చుట్ట చుట్టుకుంది. డాక్టరమ్మ పక్కనే కూర్చుని చెవుల్లో స్టెతస్కోపు పెట్టుకుని ముందు పాపని విన్నది, తర్వాత పిల్లిని విన్నది. రెండు గుండెలూ కలిసే కొట్టుకుంటున్నాయి.

పిల్లులు ఎన్నేళ్ళు బతుకుతాయో ఊళ్ళో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. పళ్ళు చూస్తే చాలు, ఎంత అయిపోయిందో, ఇంకెంత మిగిలిందో చెప్పేయగలదు. ఆమె పిల్లి గడ్డం కింద చెయ్యి పెట్టింది. అలవాటైన వేలు పెదవి అంచు దాకా వెళ్ళింది.

పిల్లి కళ్ళు తెరిచి ఆమెనే చూసింది. ఆమె పెదవి ఎత్తకుండానే చెయ్యి వెనక్కి తీసుకుంది. లేచి వెళ్ళి అల్మారాలోంచి ఉన్నిశాలువా తెచ్చి ముందు పిల్లికి కప్పింది.