గుమ్మం దగ్గరి స్విచ్చి

అలవాటు మనిషితో పోదు, ఈ పొద్దున కూడా అమ్మాయి గది గుమ్మంలో నిలబడి, చెయ్యి లోపలికి చాపి లైటు ఆర్పి వెలిగించాను, వస్తున్నానమ్మా అని, వినబడని వాళ్ళ ఇంట్లో తలుపు కొట్టడమంటే అదే కదా, లైటు వెలిగి మంచం మీద మడతపెట్టిన దుప్పటి కనిపించింది, అప్పుడు గుర్తొచ్చింది, వానలు మొదలైనప్పుడు జ్వరంతో వెళ్ళిపోయిన మనిషికి ఇప్పుడు గుమ్మంలోంచి కబురు పెడుతున్నానని, బయట వానలు కూడా వెనకబట్టాయి, స్విచ్చి మీంచి చెయ్యి తీసి మనవరాలికి గౌను తొడిగి ఆస్పత్రికి బయలుదేరాం, ఇదిగో ఈ వరండాలో ఇనప బల్ల మీద నేను, అల్లుడు, అతని ఒళ్ళో పిల్ల, ఎదురుగా గోడ మీద రంగుల్లో బొమ్మ, చెవికి మిషను పెట్టుకుని నవ్వుతున్న పాప, కింద పెద్ద అక్షరాలు, అంతా ఉచితం అని, ఆ అక్షరాలు చూస్తుంటే ఎందుకో ఒళ్ళు అలిసిపోతోంది, ఆపరేషన్ ఉచితం, మిషను ఉచితం, తర్వాత మాట నేర్పే పాఠాలు కూడా ఉచితం, పిల్లకీ అమ్మానాన్నల్లాగే వినబడదు, రెండేళ్ళు నిండుతున్నాయి, ఇంకా ఆలస్యమైతే పథకంలోకి తీసుకోం అన్నాడు డాక్టరు, ఈరోజే అవునో కాదో చెప్పాలి, చెప్పాల్సింది తండ్రి, కానీ ఈ భవనంలో చేతులతో మాట్లాడే వాళ్ళు ఒక్కరూ లేరు, పథకంలో అలాంటి ఉద్యోగమే లేదట, అందుకని నేను, బడిపిల్లలకి వాక్యాలు దిద్దే నేను, ఇవాళ ఇద్దరి మధ్య వంతెనలా పడుకోవాలి.

మాటలు నేర్పే టీచరమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది, మంచి మనిషే, గొంతులో దయ ఉంది, కాకపోతే అల్లుడి వైపు ఒక్కసారీ చూడలేదు, అమ్మా ఒక్క షరతండీ, ఇంట్లో సైగలు మానెయ్యాలి, చేతులతో పనైపోతే పిల్ల నోటికి బద్ధకం వస్తుంది, దానికి ఒప్పుకుంటేనే పాఠాలు పథకంలో ఇస్తాం, మీరు చదువుకున్నవారు, ఆయనకి కాస్త నచ్చజెప్పండి అంది, నా చేతులు ఒళ్ళోంచి లేచి గాలిలో ఆగాయి, ఇంట్లో పిల్లతో ఎక్కువ మాట్లాడమంటున్నారు అని చెప్తే సరిపోదా, అబద్ధం కాదు కదా, ఉహుఁ, అమ్మాయి ఉంటే ఊరుకునేదా, ఒకసారి బ్యాంకులో మేనేజరు మాట నేను మెత్తగా చేసి చెప్తే పట్టేసింది, అమ్మా నిన్ను మాట అందించమన్నాను, వంట చెయ్యమనలేదు, ఉప్పూ కారం నువ్వు తగ్గించకు అని చేతులు విసిరింది, ఆ మేనేజరు, మీ అమ్మాయి ఏమంటోందమ్మా అని అడిగితే నవ్వాపుకోలేక చచ్చాం, కాబట్టి తగ్గించలేదు, ఉన్నదున్నట్టు చెప్పాను, ఇంట్లో చేతులు మానెయ్యాలట.

సెల్‌ఫోన్లు బాగుచేసే వేళ్ళు అల్లుడివి, స్పీకరు మోగుతోందో లేదో వేలి కొస ఆనించి చెప్పేస్తాడు, ఆ వేళ్ళు పిల్ల వీపు మీంచి లేచాయి, అతను చెప్పింది నేను గొంతులో పెట్టాను, నా బిడ్డతో నేను దేంతో మాట్లాడాలి అన్నాను, టీచరమ్మ వెంటనే నా చెయ్యి పట్టుకుని, అదేంటమ్మా, మీకు నోరుంది కదా, మీరు మాట్లాడతారు అంది, నేను కాదండీ, నేను అంటే ఆయన, మాట ఆయనది గొంతు నాది అని చెప్పాల్సి వచ్చింది, ఆవిడ నాలిక కరుచుకుని అప్పుడు చూసింది అతని మొహంలోకి, అతను ఆపలేదు, మిషను పెట్టించండి, వెనకనుంచి బండి వస్తే పిల్లకి తెలుస్తుంది, నాకదే చాలు, కానీ చెవులిచ్చి తండ్రిని తీసుకుంటారా, అని అడిగాడు, అడిగాను.

అడిగి ఊరుకున్నాను గానీ ఆవిడ మాట నాలో ఎక్కడో దిగింది, మీకు నోరుంది కదా, ఉంది, చెవులూ ఉన్నాయి, ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తి పిలవరు, ఈ పిల్ల ఒకనాడు అమ్మమ్మా అని పిలుస్తుంది, ఆ ఒక్క మాట కోసం అతని చేతులు కట్టేస్తే ఏం అన్న ఆశ, ఆశకి సిగ్గుండదు, అమ్మాయి పోయిన రాత్రి గుర్తొచ్చింది, చుట్టాలు మంచికే అతన్ని కాస్త పడుకోనివ్వండి పాపం అని లైట్లన్నీ తీసేశారు, మీకు చీకట్లోనూ కబుర్లు సాగుతాయి, మాకు లైటు తీస్తే నోరు నొక్కినట్టే అని అమ్మాయి ఎన్నిసార్లు అంది, ఆ చీకట్లో అతను నా చెయ్యి వెతుక్కుని అరచేతిలో వేలితో భార్య పేరు గీశాడు, అక్షరాలు కాదు, బడిలో స్నేహితులు పెట్టిన సైగ పేరు, బుగ్గ సొట్టలో చూపుడువేలు పెట్టి తిప్పడం, నా అరచేతిలో తిప్పాడు, నేను పెట్టిన పేరు ఆమె ఒక్కనాడూ వినలేదు, ఆ పేరుతోనే ఇన్నాళ్ళూ లోలోపల పిలుస్తున్నాను.

నెత్తిమీద ట్యూబులైటు టపటపా కొట్టుకుని ఆరి మళ్ళీ వెలిగింది, వరండాలో ఎవరూ తలెత్తలేదు, అల్లుడూ మనవరాలూ మాత్రం ఇద్దరూ ఒక్కసారే గుమ్మం వైపు తిరిగారు, ఎవరు పిలిచారా అని, గుమ్మంలో ఎవరూ లేరు, అతను తల దించుకున్నాడు, పిల్ల దించుకోలేదు, చిట్టి వేలు బుగ్గ మీద పెట్టి తిప్పి కనుబొమలెత్తి నన్ను చూసింది, అమ్మా?

ఇప్పుడు నేనే మాట్లాడుతున్నానండీ అన్నాను టీచరమ్మతో, ఆపరేషన్ చేయించండి, సైగలు మాత్రం మానం, ఆవిడ నిట్టూర్చింది, పైవాళ్ళనడగాలమ్మా, పాఠాలు తీసేస్తారేమో అంది, అడగండి, తీసేస్తే నేను నేర్పుతాను, నేర్చుకుంటూ నేర్పుతాను అన్నాను, ఆ మాటలన్నీ ఒక్కటీ తగ్గించకుండా అల్లుడికి చేతులతో అందించాను, పిల్ల ఇంకా నన్నే చూస్తోంది, జవాబు కావాలి దానికి, దాని అమ్మ పేరు ఏ గొంతులోనూ లేదు, మా మూడు జతల చేతుల్లోనే ఉంది, నా చూపుడువేలు నా బుగ్గ మీదికి వెళ్ళింది, తిరిగింది.