ఇంట్లో ఉండకూడని పాట

మా అక్క సీతారావమ్మ అప్పగింతల పాట ఎత్తుకుందంటే పెళ్ళికొడుకు తల్లి కూడా పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకోవలసిందే. తెనాలిలో తెలిసినవాళ్ళ ఇంట్లో పెళ్ళంటే శుభలేఖతో పాటు "మీరొచ్చి పాడాలండి" అన్న మాట కూడా వచ్చేది. అందరికీ ఒకే పాట పాడి చేతులు దులుపుకునే మనిషి కాదు. ముందురోజే వెళ్ళి పెళ్ళికూతురి పక్కన కూర్చునేది. చిన్నప్పుడు దేనికి పేచీ పెట్టేదో, ఎవరి పక్కలో పడుకునేదో, ఏ కూర చూస్తే మొహం చిట్లించేదో అన్నీ అడిగి తెలుసుకుని, ఆ పిల్లకే అమిరేలా పాట కట్టేది. ఇంకో పెళ్ళిలో అదే పాట పాడమని ఎవరైనా అడిగితే, "అది ఆ పిల్ల పాటండి, అయిపోయింది" అనేది.

మా పుట్టింటివాళ్ళకు ఒక పట్టింపు ఉంది. పెళ్ళి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో అప్పగింతల పాట వినిపించకూడదు. కూనిరాగం తీసినా మా అమ్మ గరిటె పుచ్చుకుని వచ్చేది. వినిపిస్తే ఆ పిల్ల పెళ్ళి పీటల దాకా వచ్చి ఆగిపోతుందని ఆవిడ భయం. నువ్వు నమ్మావా ప్రమీలా అంటే, నమ్మాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మా అక్కయితే నాకంటే రెండాకులు ఎక్కువే నమ్మింది.

రెండువేల ఆరులో అక్కకి గొంతు బొంగురుపోయింది. జలుబని మిరియాల కషాయాలు తాగింది, తగ్గలేదు. గుంటూరులో పెద్ద డాక్టరు చూసి కంతి అన్నాడు. స్వరపేటిక తీసేస్తే మనిషి దక్కుతుంది, తియ్యకపోతే దక్కదు అన్నాడు. నేనూ, మా బావగారు వెంకటరాఘవయ్యగారూ కుర్చీల్లో బిగుసుకుపోయాం. అక్క మాత్రం, "మా అమ్మాయి పెళ్ళికి పాడాలండి. అప్పటిదాకా ఆగలేరా?" అని అడిగింది. ఆ అమ్మాయి, కౌముది, అప్పటికి ఇంకా డిగ్రీ చదువుతోంది. డాక్టరు రిపోర్టులు సర్దుకున్నాడు.

దానికి ఉపాయం చెప్పినవాడు అక్క కొడుకు దీపక్. వాడు బాపట్లలో ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్లు చెబుతాడు. మంచివాడే, ఇప్పటికీ మంచివాడే అంటాను. కాకపోతే తెర మీద కనబడేదంతా రాతి మీద చెక్కినట్టు ఉంటుందని వాడి నమ్మకం.

"ఆపరేషన్‌కి ముందే నువ్వు పాడెయ్యమ్మా, నేను రికార్డు చేస్తాను. చెల్లి పెళ్ళినాడు నీ గొంతుతోనే వినిపిద్దాం" అన్నాడు.

"చేసి ఎక్కడ పెడతావురా? ఇంట్లో పెడితే పాట ఇంట్లో ఉన్నట్టే కదా. పిల్ల పెళ్ళి కావాలి."

"ఇంట్లో ఉండదమ్మా, నెట్లో ఉంటుంది. ఏడాదికింతని కడితే మన ఫైళ్ళు వాళ్ళ దగ్గర దాస్తారు. ఎక్కడో అమెరికాలో ఉంటాయి వాళ్ళ కంప్యూటర్లు. కావాల్సిన రోజున ఎక్కడి నుంచైనా తీసుకోవచ్చు."

అక్క మొహం విప్పారింది. అంత దూరంలో ఉంటే ఇక ఏ దోషమూ అంటదనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. పాటా దక్కుతుంది, పట్టింపూ దక్కుతుంది, ఇంకేం కావాలి?

మా ఆయన రంగనాయకులుగారే ఒక్క ప్రశ్న వేశారు. "ఆ దాచేవాళ్ళెవరురా? ఎప్పుడైనా చూశావా వాళ్ళని?"

"చూడక్కర్లేదు బాబాయ్. డబ్బు కడుతున్నాం కదా. ఊరికే పెట్టుకునే సైటైతే రేపు మూసేస్తాడేమో అనుకోవచ్చు. ఇది అలాంటిది కాదు."

"మీకు పాలవాడి మీదా అనుమానమే, పేపరువాడి మీదా అనుమానమే" అని నేనే ఆయన నోరు మూయించాను.

రికార్డింగు రోజున కౌముది ఆ ఇంట్లో ఉండకూడదు కాబట్టి దాన్ని నాతో రేపల్లెలోని మా ఇంటికి తీసుకొచ్చేశాను. బావగారు వినలేనని కండువా వేసుకుని లైబ్రరీకి వెళ్ళిపోయారట. తలుపులు వేసిన గదిలో అక్కా, దీపకూ ఇద్దరే. పాట పూర్తయ్యాక సీడీ పట్టుకుని వాడు బాపట్ల వెళ్ళి కాలేజీ నుంచి ఎక్కించాడు. మరుసటి ఆదివారం మేమంతా తెనాలిలో ఉండగా, "ఎక్కిందమ్మా, భద్రంగా ఉంది" అని చెప్పాడు. అక్క ఆ సీడీని తన కళ్ళముందే విరిపించింది. ముక్కలు తీసుకెళ్ళి కాలవలో పారేయించింది. ఇంట్లో కంప్యూటరులో కూడా చెరిపించింది. "ఇప్పుడు లేదుగా? ఇంట్లో ఎక్కడా లేదుగా?" అని గుచ్చి గుచ్చి అడిగింది. పక్కనే ఉన్న నేను, హమ్మయ్య అనుకున్నాను.

ఆపరేషన్ అయ్యాక అక్క పలక పట్టుకుంది. ఎంత గలగలలాడే మనిషి! ఇల్లంతా మూగబోయింది. కౌముది వెంటబడేది, "అమ్మా, నా పాటలో మొదటి ముక్క ఏంటో రాయవే" అని. అక్క శబ్దం లేకుండా నవ్వి, బలపం దాచేసుకునేది. పెళ్ళినాడే వినాలని సైగ చేసేది. ఆ పిల్ల కూడా మొండిదే. "అయితే త్వరగా పెళ్ళి చేసెయ్యండి, వినేసి వెళ్ళిపోతాను" అని తల్లిని ఉడికించేది. దీపక్ మాత్రం ఏడాది తిరిగేసరికి, "కట్టేశానమ్మా" అని చెప్పి వెళ్ళేవాడు. ఆ మాట విన్నరోజు అక్క కాస్త ఎక్కువ అన్నం తినేది.

జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. రెండువేల ఎనిమిది మార్గశిరంలో అక్క పోయింది. పోయే ముందు పలక మీద వంకరటింకరగా "పాట ఉందా" అని రాసింది. దీపక్ మంచం మీదికి వంగి, "ఉందమ్మా. వచ్చే ఏడాదికి కూడా కట్టేశాను" అన్నాడు. అక్క కళ్ళు మూసుకుంది. ఆ క్షణాన వాడు అబద్ధమాడలేదు. అంతవరకూ వాడి తప్పేమీ లేదు.

తల్లి పోయిన ఏడాది లోపల పిల్ల పెళ్ళి చేస్తే మంచిదన్నారు పెద్దలు. బాపట్ల సంబంధం కుదిరింది. శశాంక్ అని, బ్యాంకులో ఉద్యోగం, నెమ్మదైన కుర్రాడు. కౌముది అబ్బాయి ఫోటో సరిగ్గా చూడను కూడా లేదు. ఒకరోజు నా పక్కన కూర్చుని బీరకాయ చెక్కు తీస్తూ, "పిన్నీ, అమ్మ గొంతు సన్నగా ఉండేదా, కాస్త లావుగా ఉండేదా?" అని అడిగింది. "అదేంటే అలా అడుగుతావు?" అన్నాను.

"రెండేళ్ళ పైన అయింది కదా విని. గుర్తు చేసుకుందామంటే రావట్లేదు. మాటలు గుర్తొస్తున్నాయి, గొంతు గుర్తు రావట్లేదు. పోన్లే, పెళ్ళినాడు వింటాగా."

మరి అన్ని పెళ్ళిళ్ళలో పాడిందిగా, ఏ పెళ్ళి క్యాసెట్టులోనైనా దొరక్కపోతుందా అని నేనూ ఆరా తీశాను. ఆ వీడియోవాళ్ళ మొహం మండ! అప్పగింతలు రాగానే పెళ్ళికూతురు ఏడుస్తున్న బొమ్మ ఉంచి, శబ్దం తీసేసి, దాని మీద సినిమా పాట అతికించేవారు. ఏ క్యాసెట్టు వేసినా మా అక్క నోరు కదులుతుంది, వేరే ఎవరిదో పాట వినబడుతుంది. ఇక ఆ పిల్లకి తల్లి గొంతు మిగిలింది ఆ ఒక్క చోటే.

వైశాఖంలో తెనాలిలోనే కళ్యాణమండపం తీసుకుని పెళ్ళి పెట్టుకున్నాం. బావగారి పక్కన అక్క లేదు, ఆయనకి అన్నదమ్ములూ లేరు. అందుకని కన్యాదానం నేనూ మా ఆయనా చేశాం. తలంబ్రాలు అయ్యాయి, భోజనాలు నడుస్తున్నాయి. దీపక్ వచ్చి నన్ను సామాన్ల గదిలోకి పిలిచాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పిన్నీ, సైటు రావట్లేదు."

"రాకపోతే మళ్ళీ కొట్టు. నెట్టు బాగాలేదేమో."

"నాలుగు రోజుల నుంచీ కొడుతున్నా. నెట్టు బాగానే ఉంది. ఆ కంపెనీ లేదు పిన్నీ. మూసేశారు."

వాడు చెప్పింది ముక్కలు ముక్కలుగా నా బుర్రకెక్కింది. ఆ కంపెనీవాళ్ళు ముందుగా ఒక మెయిల్ పంపారట. నెలాఖరులోగా ఎవరి ఫైళ్ళు వాళ్ళు తీసేసుకోండి, తర్వాత అన్నీ చెరిపేస్తాం అని. ఆ మెయిల్ వచ్చిన రోజుల్లో వీడు గుండు చేయించుకుని తల్లికి పిండాలు పెడుతున్నాడు. ఆ తర్వాత వందల మెయిళ్ళ అడుగున పడిపోయింది. సైటు తెరుచుకోకపోయేసరికి, మొన్న వెతికితే దొరికిందట. చివర్లో, ఇన్నాళ్ళూ మమ్మల్ని నమ్మినందుకు కృతజ్ఞతలు అని కూడా రాశారట. నమ్మినందుకట! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఫోన్ చెయ్యి. నేను మాట్లాడతాను. ఒక్క పాటండీ, తల్లి లేని పిల్లండీ అని చెబుతాను. మనుషులే కదా."

"నంబరు లేదు పిన్నీ. ఎప్పుడూ లేదు. మెయిల్ పెడితే తిరిగొచ్చేసింది."

"మరి ఇన్నేళ్ళూ ఎవరితో మాట్లాడావురా?"

"ఎవరితోనూ మాట్లాడలేదు. కార్డు నుంచి డబ్బు పోయేది, అంతే."

"ఏడిశావులే. నీ దగ్గర ఇంకెక్కడా లేదా? ఒక్క ముక్క కూడా?"

"నువ్వే చూశావుగా పిన్నీ, విరిచేశానుగా" అన్నాడు, గోడ వైపు తిరిగి.

వాణ్ణి లాగి ఒక్కటి కొడదామనుకున్నాను. చెయ్యి ఎత్తాను కూడా. విరవమన్నది మా అక్క, హమ్మయ్య అనుకున్నది నేను. చెయ్యి దించేశాను. "స్పీకరు పాడైందని చెబుదాం. బాగుచేయించి తర్వాత వినిపిస్తామందాం. ఇప్పటికి నేనేదో ఒకటి పాడేస్తాను. దాని మొహాన ఈ మాట ఇవాళ చెప్పకు" అన్నాను. వాడు తలూపాడు.

అప్పగింతల వేళయింది. కౌముది పాల పళ్ళెంలో చేతులు ముంచింది. బ్రాహ్మడు ఆ తడి చేతులు శశాంక్ వాళ్ళమ్మ చేతుల్లో పెట్టించాడు. పిల్ల కళ్ళు మాత్రం స్టేజీ పక్కనున్న స్పీకరు పెట్టె మీదే ఉన్నాయి. పొద్దుట్నుంచీ దాని మొహంలో అలసట లేదు. తల్లి పోయినప్పుడు కూడా సరిగ్గా ఏడవలేదు ఆ పిల్ల. అంతా ఈ గడియ కోసమే అట్టేపెట్టుకుందేమో అనిపించింది.

నేను గొంతు సవరించుకుని, అందరికీ తెలిసిన పాటేదో ఎత్తుకున్నాను. రెండు మాటలైనా అనకముందే పాలతో తడిసిన చెయ్యి వచ్చి నా నోటి మీద పడింది.

"వద్దు పిన్నీ. అమ్మది పెట్టండి."

"స్పీకరు పాడైందమ్మా. బాగు చేయించి రేపు..."

అది నన్ను చూడలేదు. వాళ్ళన్నయ్యని చూసింది. "అన్నయ్యా, ఉందా, లేదా?"

దీపక్ అబద్ధం ఆడలేకపోయాడు. "లేదు కౌముదీ. పోయింది. ఆ కంపెనీయే పోయింది."

బావగారు కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నారు. శశాంక్ వాళ్ళమ్మ పాపం మంచావిడ, కౌముది భుజం మీద చెయ్యి వేసి, "పోన్లే తల్లీ, బయల్దేరదాం, రాహుకాలం వచ్చేస్తుంది" అంది. కౌముది కదల్లేదు.

"నువ్వు ఆ గదిలో ఉన్నావుగా. అమ్మ పాడుతుంటే నువ్వొక్కడివే విన్నావుగా" అంది దీపక్‌తో. "గొంతు ఎలాగూ లేదు. మాటలైనా చెప్పు. అన్నీ వద్దు. మొదటి మాట చెప్పు చాలు, వెళ్ళిపోతాను."

నిజం చెబుతున్నాను, నా ప్రాణం లేచొచ్చింది. ఆ ఊసే తట్టలేదు నాకు. కంపెనీ మునిగితేనేం, వీడి చెవులు ఉన్నాయిగా! నేనూ ఒకడుగు ముందుకేసి వాడి నోటి వంక చూశాను. మా ఆయన చూశారు. బావగారు చూశారు.

దీపక్ ఆ స్పీకరు పెట్టె వంకే చూస్తూ చెప్పాడు.

"తెర మీద గీతలు చూస్తున్నా కౌముదీ. శబ్దం ఎక్కువైతే అవి ఎర్రగా అయిపోతాయి. అలా కాకుండా సరిగ్గా పడుతోందా లేదా అని అదే చూస్తూ కూర్చున్నా. పాట వినలేదు. ఎలాగూ అందులో ఉంటుందిగా, నీతో పాటు వినచ్చులే అనుకున్నా."

కౌముది చేతులకున్న పాలు పట్టుచీర కుచ్చిళ్ళకే తుడుచుకుంది. ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగి వెళ్ళి కారులో కూర్చుంది. ఏడవమ్మా, పుట్టింటి గడప దాటేటప్పుడు ఏడవాలి అని పక్కనున్న ముత్తైదువలు చెబుతూనే ఉన్నారు. అది ఏడవలేదు.