సంవత్సరీకం బొమ్మ

వరద గోదాట్లో పోతురాజు పడవ బోల్తా పడింది. శవం దొరకలేదు. ఫోటోలన్నీ ఉన్న ఫోనూ ఆయనతోనే మునిగింది. మిగిలిందల్లా ఆధార్ కార్డు మీద నల్లటి మరక. ఆ కార్డు చూపిస్తే ఆయన తల్లైనా ఆయన్ని గుర్తుపట్టదు!

అందుకే కూతురు వీరదుర్గ రాజమండ్రిలో రిటైరైన డ్రాయింగు మాస్టారు రాజరత్నం గారి దగ్గర ఆయిల్ పెయింటింగ్‌కి చేరింది. సంవత్సరీకం నాటికి నాన్న మొహం తనే వేస్తానంది. జ్ఞాపకం ఉండగానే పట్టుకోకపోతే ఆ మొహం కూడా పోతుందని దాని భయం.

“అడుగు పూత పల్చగా, టర్పెంటైన్‌తో వెయ్యమ్మా. పైకొచ్చేకొద్దీ నూనె పెంచు. తిరగేశావో, పైన ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చిగానే ఉంటుంది,” అని మాస్టారు చెవినిల్లు కట్టుకుని చెప్పారు.

వింటేనా! నూనె దండిగా కలిపేసరికి రంగు చెమట పట్టిన నాన్న నుదురులా మెరిసింది. మురిసిపోయి మొహమంతా అదే పట్టించింది. ముసురు పట్టి అది ఎంతకీ ఆరలేదు. తిథి ఆగుతుందా? పైన టర్పెంటైన్‌తో పల్చటి పూత ఒకటి లాగించి, వేలికి అంటకపోయేసరికి గట్టెక్కాననుకుంది.

సంవత్సరీకం పొద్దున బొమ్మని పీట మీద పెట్టారు. చూడగానే తల్లి సత్యకుమారి గుండె చెరువైపోయింది. “ఆయనేనే దుర్గా! అచ్చం ఆయనే!” అంది.

ఏ ఇంట్లోనైనా పటానికి అద్దం ఉంటుంది, బొట్టు అద్దం మీదే పెడతారు. ఆయిల్ బొమ్మకి అద్దం వద్దన్నారు మాస్టారు. సత్యకుమారి అలవాటు కొద్దీ గంధం రాసి, కుంకుమ వేలితో గట్టిగా అద్దింది. నుదుటి మీద రంగు మీగడలా ముడతపడి జారింది.

“అయ్యయ్యో!” అంటూ చీర చెంగుతో తుడిచింది.

“ముట్టుకోకమ్మా!” అని వీరదుర్గ అరిచేలోపే కళ్ళూ ముక్కూ ఏకమైపోయాయి.

“నా చేతులు పడిపోను! ఏడవకే, మళ్ళీ వేద్దువుగాని,” అంది తల్లి, తనే ఏడుస్తూ.

భోజనాల బంతులన్నీ లేచాక వీరదుర్గ బొమ్మ ముందు కూర్చుని కుంచె పట్టుకుంది. కళ్ళు మూసుకుని నాన్న మొహం తలుచుకుంది. వచ్చింది. కానీ అది తను వేసిన ముక్కు, తను కలిపిన రంగు. ఎంత వెతికినా దాని వెనక నాన్న లేడు. కుంచె కింద పెట్టేసింది.

“అమ్మా, నాన్న ముక్కు ఎలా ఉండేది?”

సత్యకుమారి చెప్పబోయి ఆగింది.

“పొద్దున బొమ్మలో ఉన్నట్టే కదే,” అంది.