క్లారినెట్లు లేని గాలియార్డ్

గ్లాసులు ఎప్పుడు పేర్చాలో మా ఊరి బ్యాండులో ఆడవాళ్ళకి ఎవరూ చెప్పరు. తెలిసిపోవాలి. శుక్రవారం రిహార్సల్లో ఆఖరి పాట ఒక్కటే మిగిలిందనగా మేం వాయించే క్లారినెట్లు పెట్టెల్లో సర్దేసి పక్కనున్న కాంటీన్‌లోకి వెళ్ళి బీరు కుళాయి తిప్పుతాం. మగవాళ్ళు ముగించి వచ్చేసరికి గ్లాసులో నురగ రెండు వేళ్ళ మందాన నిలబడి ఉండాలి. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు ఇర్మా నాకిది నేర్పుతూ, "బ్యాండుని నడిపేది నా కొడుకే గానీ, నిలబెట్టేది మనం అమ్మాయ్" అన్నారు. పొగడ్త అనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

ఆ కొడుకు లూడో, నా భర్త, బ్యాండు కండక్టరు. ఈ వేసవి ఉత్సవానికి మా ఆంట్‌వెర్ప్ నగరంలో దాదాపు ఐదొందల ఏళ్ళ కిందట అచ్చయిన నాట్య సంగీతాన్ని ఎంచుకున్నాడు. ఎంచుకున్నది అతను. నాలుగు వాద్యాల కోసం రాసిన ఆ పాటల్ని శాక్సాఫోన్‌కింత, ట్యూబా అనే పెద్ద బాకాకింత అని మా పెద్ద బ్యాండుకి పంచి రాసింది నేను, వంటింటి బల్లమీద, బంగాళాదుంపలు ఉడికే లోపల. ఎవరైనా మెచ్చుకుంటే "మా ఆవిడ కాపీ పని చేసిపెట్టింది" అంటాడు. కాపీ అట.

ఆ నాట్యాలు జంటగా వస్తాయి. ముందు పవాన్, రాజుగారి ఊరేగింపులా నడుస్తుంది. వెంటనే అదే రాగం గాలియార్డ్ అయి ఎగిరి దూకుతుంది. నాలుగు అడుగులు, ఒక దూకు, నేల. పవాన్‌కి మేం ఉంటాం. గాలియార్డ్ ఆఖరిది కాబట్టి దానికి ఉండం. రాగమంతా ఉన్నదేమో క్లారినెట్లలో. కాంటీన్‌లోకి ట్యూబాల బుయ్‌బుయ్ ఒక్కటే వినిపించేది.

మొన్న భోజనం దగ్గర లూడో తేల్చేశాడు.

"గాలియార్డ్ తీసేస్తున్నా లీవా. నువ్వు రాసింది మరీ బరువుగా ఉంది. దాన్లో ప్రాణం లేదు."

ప్రాణాన్ని బీరు పొయ్యడానికి పంపించి, శవం బరువుగా ఉందంటున్నాడు! కోపం రావాలి కదా, నాకు ఒళ్ళంతా ఉత్సాహం పాకింది. ఆ పాటకి ఏం జబ్బో ఊరు మొత్తంలో నాకొక్కదానికే తెలిసింది మరి.

ఈ శుక్రవారం పవాన్ అయిపోయింది. పక్కన క్లారినెట్లు వాయించే గ్రీట్, మార్లీన్ పెట్టెలు తెరుస్తుంటే "కూచోండి" అన్నాను. కూచున్నారు. ట్యూబా వాయించే ముసలి ఫోన్స్ వెనకనుంచి, "ఏంటమ్మా లీవా, ఇవాళ మా గొంతులు ఎండబెట్టేస్తావా?" అన్నాడు.

"కుళాయి తిప్పడం రాకపోతే నేర్పిస్తాలే బాబాయ్. ముందు వాయించు."

మగవాళ్ళు నవ్వారు. లూడో నవ్వలేదు గానీ చెయ్యి ఊపాడు, మేకులు దిగ్గొట్టినట్టు. మొదటి వరస తడబడింది. రెండోసారికి దూకు దగ్గర మా క్లారినెట్లన్నీ ఒక్కసారిగా లేచాయి. ట్రాంబోన్లు ఉలిక్కిపడి వెంటపడ్డాయి. ఫోన్స్ బూటు నేలని తన్నడం మొదలెట్టింది. నాకు వేళ్ళు తెలియలేదు, వయసు తెలియలేదు. ఇన్నాళ్ళూ వంటింట్లో తలలోనే విన్నది హాలు కప్పుకి తగిలి నా మీద కురుస్తోంది.

ఆగాక లూడో మొహం తుడుచుకున్నాడు. "ఇది ఉంటుంది" అని అందరికీ చెప్పి, నా దగ్గరికొచ్చి ప్రేమగానే అన్నాడు.

"వచ్చేవారం నుంచి దీన్నే మొదట వాయిద్దాం. తర్వాత మీరు హాయిగా కాంటీన్‌కి వెళ్ళిపోవచ్చు."

"ఇంకోసారి" అన్నాను, అతనితో కాదు, బ్యాండుతో. లూడో తన కండక్టరు కర్ర అందుకునేలోపే ఊపిరి గట్టిగా లోపలికి తీసుకున్నాను. నాతోపాటు బ్యాండంతా తీసుకుంది.