అవతలి జట్టు చొక్కా

మా నాన్నకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉంది. ఆ జట్టు చొక్కా నిండా మా చుట్టాలే. ఛాతీ మీద నాన్న పరుపుల కంపెనీ, వీపు మీద బాబాయి పైపులు, చేతుల మీద మా అక్క మొగుడు బావగారి రంగులు. గోల్‌కీపర్ బంతి వదిలేసి నేల మీద పడ్డప్పుడల్లా జనం "లేవరా బాబూ, పరుపు మెత్తగా ఉందా?" అని అరిచేవాళ్లు. అదీ ప్రచారమేనని నాన్న మురిసిపోయేవాడు.

నాకూ ఒక కంపెనీ ఉంది. ప్లాస్టిక్ బకెట్లు చేస్తాం. మొదట్లో మా బకెట్లకి పిడి నిలిచేది కాదు. మిషన్ దగ్గర నేనే నిలబడి, తిట్టుకుంటూ, అచ్చు మార్చుకుంటూ దారికి తెచ్చాను. ఎవరైనా అడిగితే నాన్న మాత్రం "అమ్మాయి ఏదో కాలక్షేపానికి చేస్తోంది" అనేవాడు. వింటే నాకు ఒళ్లు మండేది. ఆ చొక్కా మీద నా కంపెనీ పేరు పడితే ఆ మాట ఇక అనడని నా ఆశ.

ఈ ఏడు లీగ్ వాళ్లు కొత్త నిబంధన పెట్టారు. యజమాని చుట్టాల కంపెనీల్లో ఒక్కదాని పేరే చొక్కా మీద ఉండాలట, మిగతా చోటంతా బయటివాళ్లదట. భోజనాల దగ్గర పంచాయితీ మొదలైంది. నాన్న తన పరుపులు తానే తప్పించాడు. బాబాయి అలిగి వెళ్లిపోయాడు. ఇక నా వంతే అనుకున్నాను.

"అల్లుడుగారికి ఇచ్చేద్దాం," అన్నాడు నాన్న.

"మరి నేను?"

"అల్లుడు నొచ్చుకుంటాడే. నువ్వు మన పిల్లవేగా, సర్దుకుంటావు."

కంచం ముందు నుంచి లేచాను. సర్దుకోవడం అప్పటికే చాలా అయింది.

రైలు పట్టాల అవతలి జట్టుకీ మాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. దాని యజమాని లారీలు తిప్పే ఒకావిడ. మర్నాడే ఒక బకెట్ పట్టుకుని ఆవిడ లారీల షెడ్డుకి వెళ్లాను. నేనెవరి కూతురినో తెలిసీ ఆ ఊసెత్తలేదు. నేను తెచ్చిన బకెట్‌లో షెడ్డులోని బోల్టులు నిండా పోయించి, పిడి పట్టుకుని తానే ఎత్తి ఊపింది. పిడి కదల్లేదు.

"గట్టిదే. చొక్కా మీద చోటు నీకే ఇస్తా. రేటు మాత్రం తగ్గించను," అంది.

"తగ్గించొద్దండీ," అన్నాను. బేరమాడకుండా నేను కొన్న వస్తువు జన్మలో అదొక్కటే.

రెండు జట్ల ఆట రోజున నాన్న పక్కనే కూర్చున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా కంపెనీ పేరున్న చొక్కాలతో అవతలి జట్టు మైదానంలోకి రాగానే నాన్న కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. నా వైపు మాత్రం తిరగలేదు. పైగా వాళ్లే గోల్ కొట్టారు. కొట్టినవాడు చొక్కా ముందుకు లాగి పట్టుకుని సరిగ్గా మా ఎదురుగా పరుగెత్తాడు.

వెనక వరసలో ఎవరో అన్నారు: "ఆ బకెట్లు మా ఇంట్లోనూ ఉన్నాయి. ఎన్ని మోసినా చెక్కుచెదరవు. ఎవరిదో ఆ కంపెనీ!"

నాన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత పూర్తిగా వెనక్కి తిరిగి, "మా అమ్మాయిది," అన్నాడు. ఆ మాట అవతలి వరసకి కూడా వినబడింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గు లేకుండా.

మేం ఓడిపోయాం. మెట్లు దిగుతూ నాన్న గొంతు తగ్గించాడు.

"ఒసేయ్, ఆ చొక్కా నాకొకటి దొరుకుతుందా? పైన మనది వేసుకుంటాలే, లోపల వేసుకుంటా."

"ఊరికే ఇవ్వరు నాన్నా. అక్కడ చుట్టరికాలు చెల్లవు."

నాన్న పర్సు తీసి, గేటు దగ్గర లారీల ఆవిడ తన జట్టు చొక్కాలమ్మే కొట్టు ముందున్న వరసలో వెళ్లి నిలబడ్డాడు.