ఆరో పట్టీ

మా ఆయన మోహన్‌కుమార్ కజకిస్తాన్‌లో ఉన్నాడు. అల్మాటి అని అక్కడ పెద్ద నగరం. నగరాన్ని ఆనుకొనే మంచుకొండ. కాళ్ళకు చెక్కలు కట్టుకొని పైనుంచి జారడానికి జనం డబ్బిచ్చి మరీ వస్తారట. జారినవాళ్ళను మళ్ళీ పైకి చేర్చే తీగబండ్లకు ఈయన మెకానిక్కు. నవంబరులో బెంగళూరు కంపెనీ పంపింది. జారడానికి టిక్కెట్టు కొంటారని చెబితే మా గూళూరులో ఎవరూ నమ్మలేదు.

ఆ కొండ మీద ఒక కెమెరా ఉంది. మంచు ఎంతుందో ఎవరైనా ఫోన్లో చూసుకోవచ్చు. మాట వినిపించదు, బొమ్మే. అక్కడ పన్నెండు కొట్టగానే ఆయన పసుపు కోటుతో దాని ముందుకొచ్చి చెయ్యెత్తుతాడు. ఇక్కడ పన్నెండున్నర. సంగటి దించి నేనూ చెయ్యెత్తుతాను. ఆయనకు కనిపించదని తెలుసు, అయినా ఎత్తుతాను.

వీడియో కాల్ లేదా అంటారు. ఉంది. కాల్లో ఆ కర్ర కనిపించదు.

కెమెరా ఎదుట మంచులో పాతిన కొలతకర్ర అది. దానికి ఎర్ర పట్టీలు. మంచు కరిగేకొద్దీ ఒక్కొక్కటే బయటపడతాయి. "ఆరో పట్టీ కనపడితే బండ్లు నిలిపేస్తారు. మర్నాడే బయల్దేర్తా. కానుపుకు నీ పక్కనే ఉంటా" అన్నాడు. నాకు ఏప్రిల్ ఇరవైకి తేదీ ఇచ్చారు. అమ్మ లేనిదాన్ని, అత్తింట్లోనే కానుపు. ఎవరున్నా లేకున్నా నాకు ఆయన కావాలి.

మార్చి ఆఖరుకు ఐదు పట్టీలు తేలాయి. అక్కడ ఎండ కాస్తే ఇక్కడ నాకు అన్నం సయించేది.

ఇంక మంచు పడకూడదని మొక్కుకుందామంటే మా అత్త మునిలక్ష్మమ్మ భయం. మూడు బోర్లు ఎండిన చేను ఆమెది. నిరుడు కళ్ళంలో రాగులు ఆరబోస్తే వాన పట్టుకుంది. "పాడు వాన, ఇప్పుడే రావాల్నా" అన్నాను. తడుస్తున్న రాగులు వదిలేసి నామీదికొచ్చింది.

"ఇంటికొచ్చే నీళ్ళను వద్దనగూడదు. అలిగి పోతే యాడికి పోయి పిలుచుకొస్తావు?"

మంచూ నీళ్ళే కదా. అందుకే మనసులో కూడా వద్దనలేకపోయాను.

ఏప్రిల్ ఎనిమిదిన ఫోన్ తెరిస్తే అంతా తెలుపు. కాసేపటికి ఒక చేతితొడుగు కెమెరా అద్దాన్ని తుడిచింది. ఆయన ముఖం తెర నిండా వచ్చింది. కనుబొమల మీద మంచు. నవ్వబోయాడు, చేతకాలేదు. పక్కకు తప్పుకున్నాడు. వెనక కర్ర మీద ఒక్క పట్టీయే మిగిలింది. ఇంకా పడుతూనే ఉంది.

చెయ్యెత్తాను గానీ ఏడుపు ఆగలేదు. చేలోంచి అప్పుడే వచ్చిన అత్త గంప దించేసి పరుగున వచ్చింది.

"ఏమయిందే? నొప్పులా?"

"కాదత్తా. ఆడ మంచు పడతాండాది. ఆయన రాలేడు."

ఫోన్ తీసుకొని, కొంగుతో తుడిచి, దూరంగా పట్టుకొని చూసింది.

"ఎన్ని నీళ్ళు!" అంది మెల్లగా. ఎండిన చేలో పొద్దుటినుంచీ పని చేసిన మనిషి. చాలాసేపు చూసింది. తర్వాత నా పక్కన కూర్చొని, నా కడుపు మీద చెయ్యి పెట్టి, ఆ ఫోన్‌తోనే మాట్లాడింది.

"సామీ, ఇంగ చాలు. నిలుపుకో. నా కోడలి కానుపు అయినాక కావల్సినంత కురుసుకో."

ఆమె నీళ్ళను చాలనడం నేను వినడం అదే మొదలు. అనేసి, రెండు లెంపలూ వేసుకుంది.